పిల్లలతో ఓరుగల్లు, రామప్ప, లక్నవరం: మూడు రోజులు ఎలా తిరగాలి

వరంగల్ చూడటానికి వచ్చే కుటుంబాల్లో చాలామంది హైదరాబాదులో తెల్లవారుజామున కారెక్కి, వేయిస్తంభాల గుడి, భద్రకాళి, కోట, రామప్ప గుడి, లక్నవరం చెరువు అన్నీ ఒక్క రోజులో చుట్టేసి రాత్రికి ఇల్లు చేరాలనుకుంటారు. పెద్దవాళ్లు ఎలాగో నెట్టుకొస్తారు. వెంట ఐదేళ్ల పిల్ల ఉంటే ఆ రోజు ఎలా గడుస్తుందో ముందే చెప్పవచ్చు: కోటలో ఆకలి, ములుగు దాటాక వాంతి, మిట్టమధ్యాహ్నం రామప్ప గుడి బండల మీద కాళ్లు కాలి ఏడుపు, లక్నవరం చేరేసరికి గాఢనిద్ర. సెలవుల్లో హనుమకొండలోని మా ఇంటికి దిగే చుట్టాల్లో ఈ బాపతు వాళ్లే ఎక్కువ.

అందుకే మొదట ఒక నియమం పెట్టుకోండి. ఇక్కడి ఎండకు పిల్లల రోజు రెండు ముక్కలు. తెల్లవారినప్పటి నుంచి పదిన్నర దాకా ఒకటి, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా రెండోది. నడుమ ఉన్న సమయం నీడకు, అన్నానికి, నిద్రకు. ఒక్కో ముక్కలో ఒక్క చోటే చూడాలి. ఇలా లెక్కవేస్తే మూడు రోజుల్లో ఐదారు చోట్లు చూడవచ్చు. అంతకు మించి జాబితా రాసుకుంటే అది మీ కోసం రాసుకున్నదే, పిల్లల కోసం కాదు.

నెల ఎంచుకోండి

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అందులోనూ దసరా సెలవులు మేలు. వానలు వెనకపట్టి ఉంటాయి, చెరువులు నిండుగా ఉంటాయి, బతుకమ్మ ఆటలు చూడవచ్చు. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు ఎంగిలిపూల బతుకమ్మకు వేయిస్తంభాల గుడి దగ్గర, చివరి రోజు సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుట్ట దగ్గర చేరే జనాన్ని, ఆ పూల రాశులను చూస్తే ఊరి పిల్లలైనా పట్నం పిల్లలైనా కళ్లు పెద్దవి చేసుకుంటారు. ఆడపిల్లలు ఉంటే పొద్దున్నే బజారులో తంగేడు, గునుగు, బంతిపూలు కొని చిన్న బతుకమ్మను పేర్చనివ్వండి. నిమజ్జనం వేళ మాత్రం గుండం గట్టు మీదికి తీసుకెళ్లవద్దు. తడి మెట్లు, చీకటి, తోపులాట ఒకేచోట ఉంటాయి.

డిసెంబరు, జనవరిల్లో ములుగు వైపు ఉదయం మంచు దట్టంగా పడుతుంది. పొద్దు పొడిచి రోడ్డు కనబడ్డాకే బయలుదేరండి. రాత్రికి స్వెటరు ఉండాలి. అడవి అంచున చలి హైదరాబాదు చలిలా ఉండదు.

మార్చి చివర నుంచి జూన్ నడిమి దాకా వద్దనే చెబుతాను. మే నెలలో ఇక్కడ ఎండ 42, 43 డిగ్రీలు దాటడం మామూలు. బడి సెలవులు అప్పుడే కదా అంటారు. నిజమే, కానీ రాతి గుళ్లకు ఆ సంగతి తెలియదు. తప్పనిసరిగా రావాల్సివస్తే ఉదయం తొమ్మిదింటికల్లా బసకు తిరిగి వచ్చేయాలి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా ములుగు అడవి చూడముచ్చటగా ఉంటుంది. ప్రమాదం కూడా అప్పుడే. 2023 జూలై 27 ఉదయంతో ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ రోజుల్లోనే ముత్యాలధార జలపాతానికి వెళ్లిన పదుల మంది పర్యాటకులు వాగు పొంగడంతో రాత్రివేళ అడవిలో చిక్కుకుపోతే, విపత్తు సహాయ బృందాలు వెళ్లి బయటికి తీసుకురావాల్సివచ్చింది. వానాకాలంలో వచ్చేటట్లయితే వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి. ములుగు, భూపాలపల్లి జిల్లాలకు ఆరెంజ్ గానీ రెడ్ గానీ ఉంటే వరంగల్ దాటవద్దు. ఊళ్లోనే ఉండి పిల్లలకు మక్కగారెలు తినిపించండి. రోడ్డు మీద నుంచి వాగు పారుతుంటే, ముందు లారీ దాటింది కదా అని మీ కారు దింపవద్దు.

రైలా, బస్సా, కారా

హైదరాబాదు నుంచి వచ్చేవారికి, ఏడేళ్లలోపు పిల్లలు ఉంటే, నా ఓటు రైలుకే. సుమారు 145 కిలోమీటర్లు. రెండు, రెండున్నర గంటల్లో చేరతారు. పిల్లలు లేచి తిరగవచ్చు, మరుగుదొడ్డి ఉంటుంది, వాంతుల బెడద తక్కువ. ఒక సంగతి గమనించండి. సికింద్రాబాదు నుంచి వచ్చే లైను కాజీపేటలో రెండుగా చీలుతుంది. నాగపూర్, కాగజ్‌నగర్ వైపు వెళ్లే బండ్లు కాజీపేటలో ఆగి అటు నుంచి అటే వెళ్లిపోతాయి. విజయవాడ వైపు వెళ్లేవి వరంగల్ వస్తాయి. మీరు దిగేది హనుమకొండలో అయితే కాజీపేటలో దిగినా నష్టం లేదు, ఆటోలో కొద్ది దూరమే.

ఐదేళ్లలోపు పిల్లలకు సీటు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండేళ్లలోపు వారికి సీటు తీసుకుంటే పూర్తి ధర పడుతుంది. రెండున్నర గంటలే కదా, ఒళ్లో కూర్చోబెట్టుకుందాం అనుకునేవారు ఆరేళ్ల పిల్లవాడి బరువు మరిచిపోతారు. సీటు తీసుకోండి.

తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రానికి చెందిన మహిళలకు, బాలికలకు 2023 డిసెంబరు నుంచి ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్ తీసుకోవాలి. హనుమకొండ బస్టాండు నుంచి ములుగు, ఏటూరునాగారం వైపు బస్సులు ఉన్నాయి. పెద్ద పిల్లలున్న ఇంటికి ఇది బాగానే సరిపోతుంది. ఎత్తుకునే పిల్లలుంటే రామప్ప, లక్నవరం రోజులకు మాత్రం కారు మాట్లాడుకోండి. మధ్యాహ్నం నీడలో ఆపుకొని పిల్ల నిద్ర లేచేదాకా ఆగే వీలు బస్సులో ఉండదు.

సొంత కారులో వచ్చేవారు జనగామకు కాస్త ముందు, హైవే పక్కనే ఉన్న పెంబర్తిలో ఆగవచ్చు. ఇత్తడి రేకు మీద సుత్తితో కొట్టి బొమ్మలు తీర్చే పని కళ్లముందు జరుగుతుంటే పిల్లలు కదలరు. మీకూ కాళ్లు చాచుకున్నట్లు ఉంటుంది. కారులో పిల్లలు వెనక సీట్లోనే, బెల్టుతోనో పిల్లల సీటులోనో కూర్చోవాలి. పద్నాలుగేళ్లలోపు వారికి ఇది చట్టం చెప్పే మాట కూడా. ఊళ్లో చుట్టాల బైకు మీద పిల్లలను ముందు నిలబెట్టి తిప్పే ముచ్చట ఒకటుంది మనవాళ్లకు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలకు హెల్మెట్, నడిపేవారికి కట్టే పట్టీ ఉండాలని, వేగం నలభై దాటకూడదని నిబంధన ఉంది. అవి లేకపోతే ఆటో పిలవండి. బాబాయి అలిగినా ఫరవాలేదు.

బస ఒక్కచోటే

రోజుకో ఊళ్లో గది మారుస్తూ పోవద్దు. హనుమకొండలో నక్కలగుట్ట చుట్టుపక్కల హోటళ్లు ఉన్నాయి, పర్యాటక శాఖ హరిత కాకతీయ కూడా అక్కడే. అది కేంద్రంగా పెట్టుకుంటే ఊరు, కోట, రామప్ప అన్నీ వెళ్లి రావచ్చు. ఒక్క రాత్రి మార్చాలనిపిస్తే లక్నవరానికి మార్చండి, ఎందుకో కింద చెబుతాను. గది తీసుకునేటప్పుడు అడగాల్సినవి రెండే: కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, కిటికీలకు దోమల జాలి ఉందా.

సంచిలో ఏముండాలి

బట్టల గురించి మీకు చెప్పనక్కర్లేదు. మరిచిపోయేవే చెబుతాను.

నూలు మేజోళ్లు, ఒక్కొక్కరికి రెండు జతలు. గుడిలో చెప్పులు విప్పాక బండరాళ్ల మీద నడవాలి. పది దాటితే ఆ రాయి పెద్దవాళ్ల పాదాలకే చురుక్కుమంటుంది. మేజోళ్లు వేసుకుంటే సగం ఏడుపులు ఉండవు. మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు ఉండాలి. హవాయి చెప్పులతో చెరువు గట్లు, రాళ్లు ఎక్కలేరు. పలుచని నూలు తువ్వాళ్లు నాలుగైదు ఉంచుకోండి. తడిపి తలకు చుట్టడానికి, ఒళ్లు తుడవడానికి, కారు అద్దానికి అడ్డం కట్టడానికి, పిల్ల నిద్రపోతే పరచడానికి అవే.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జ్వరం మందు, దాన్ని కొలిచే పిచికారీ. జ్వరం మందు ఎంత వేయాలన్నది పిల్లల బరువును బట్టి ఉంటుంది. బయలుదేరే ముందే మీ డాక్టరుతో కాగితం మీద రాయించుకుని మందు సీసాకే అంటించండి. అర్ధరాత్రి జ్వరం వస్తే ఆ కాగితం విలువ తెలుస్తుంది. దోమల మందు కూడా ఉంచుకోండి. పాపాయిలకైతే ఏది రాయవచ్చో డాక్టరునే అడగాలి. నోట్లు, చిల్లర కొంత ఉండాలి. ములుగు దాటాక ఫోను సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, సిగ్నల్ లేని చోట ఫోనుతో డబ్బు కట్టలేరు. దారి పటాన్ని ఫోనులో ముందే దించుకోండి. పెట్రోలు హనుమకొండలోనే నింపుకోండి.

ఖాళీ ప్లాస్టిక్ సంచులు పది. వాంతికి, తడి బట్టలకు, చెత్తకు.

మొదటి రెండు రోజులు: ఊరు, కోట

రైలు దిగి, అన్నం తిని, పడుకుని లేచాక సాయంత్రం నాలుగున్నరకు వేయిస్తంభాల గుడికి వెళ్లండి. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం ఇది; శివుడు, విష్ణువు, సూర్యుడు మూడు గర్భగుడులు. పిల్లలు లోపల అడుగుపెట్టగానే స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెడతారు. పెట్టనివ్వండి. వెయ్యి తేలదు, కానీ అరగంట మీరు కూర్చోవచ్చు. నల్లరాతి నంది మెరుపులో వాళ్ల మొహాలు చూసుకోమనండి. ఎదురుగా కల్యాణ మండపం ఉంది. శిథిలమైతే రాళ్లు విప్పి, ఒక్కో రాయిని మళ్లీ కూర్చి, 2024 శివరాత్రికి తెరిచారు. ఇటుకల బొమ్మలు పేర్చి ఆడే వయసు పిల్లలకు ఈ కథ బాగా నచ్చుతుంది.

అక్కడి నుంచి భద్రకాళి చెరువు కట్ట. చల్లబడ్డాక నడవడానికి, పరుగెత్తడానికి బాగుంటుంది. గుడి దగ్గర కోతులు ఉంటాయి. పిల్లల చేతిలో అరటిపండు, కొబ్బరి చిప్ప, బిస్కెట్ ప్యాకెట్ ఏదీ కనబడకూడదు. కోతి లాక్కుంటే వదిలేయమని ముందే చెప్పి ఉంచండి. గట్టిగా పట్టుకున్న పిల్లకే గోళ్లు గీరుకుంటాయి.

కోటకు ఉదయం వెళ్లాలి. అంటే రెండో రోజు పొద్దున్న ఏడింటికి బయలుదేరి పదింటికల్లా తిరిగి రావాలి. నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు, నడుమ చెల్లాచెదురుగా శిల్పాలు. కాకతీయ కళాతోరణం తెలంగాణ రాజముద్రలో ఉంది కాబట్టి, పిల్లల దగ్గర ఆ ముద్ర ఉన్న పాఠ్యపుస్తకమో కాగితమో ఉంటే వెంట తెండి. బొమ్మలో ఉన్నది ఎదురుగా అంత ఎత్తున నిలబడి ఉంటే వాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. ఇక్కడ టికెట్ ఉంది, పదిహేనేళ్లలోపు పిల్లలకు లేదు. పక్కనే ఖుష్ మహల్, కాస్త అవతల ఏకశిల గుట్ట. ఎక్కే ఓపిక ఉన్న పిల్లలతో గుట్ట ఎక్కండి. లేకపోతే కోట గోడ ద్వారాల వంపులు చూపించండి. రోడ్డు తిన్నగా లోపలికి పోకుండా ఎందుకు మెలికలు తిరిగిందో అడగండి. ఏనుగులతో, గుర్రాలతో వచ్చే శత్రువు వేగాన్ని తగ్గించడానికని వాళ్లే చెబుతారు, చెప్పకపోయినా మీరు చెప్పవచ్చు.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తే ఏనుమాముల మార్కెట్ దగ్గరికి వెళ్లేటప్పుడు కారు అద్దాలు ఎత్తేయండి. ఎర్రగా కనుచూపు మేర మిర్చి బస్తాలు చూడటానికి బాగుంటాయి, పిల్లల కళ్లకు, ముక్కుకు మాత్రం కాదు.

మధ్యాహ్నం నిద్ర అయ్యాక హంటర్ రోడ్డులోని జూ పార్కు చాలు. పిల్లలను ఏది నచ్చిందని అడిగితే ఎనిమిది వందల ఏళ్లు అని మీరు చెప్పిన రాళ్లన్నీ వదిలేసి మొసలి పేరు చెబుతారు. బాధపడవద్దు.

మూడో రోజు: రామప్ప

ఉదయం ఆరున్నరకు బయలుదేరండి. హనుమకొండ నుంచి 163వ జాతీయ రహదారి మీద ఆత్మకూరు, మల్లంపల్లి, ములుగు. ములుగు దగ్గర గట్టమ్మ గుడి వస్తుంది. మేడారం వెళ్లేవారు మొదట ఇక్కడ ఆగి మొక్కి కదులుతారు. మీకూ ఇదే మొదటి విరామం. పిల్లలను దింపి కాళ్లు కదపనివ్వండి, మరుగుదొడ్డి పని ములుగులోనే కానివ్వండి. ఇంకాస్త ముందుకెళ్లాక జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగితే వెంకటాపూర్ మీదుగా పాలంపేట. మొత్తం 65, 70 కిలోమీటర్లు.

వాంతులయ్యే పిల్లలకు ఉత్త కడుపుతోనూ, నిండు కడుపుతోనూ ప్రయాణం పనికిరాదు. బయలుదేరే ముందు ఒక ఇడ్లీ తినిపించండి. దారిలో ఫోను చేతికివ్వవద్దు, ముందు అద్దంలోంచి దూరంగా ఉన్న చెట్లను చూడమనండి.

గుడిని 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తెలుగు రాష్ట్రాల నుంచి ఆ జాబితాకెక్కిన మొదటి కట్టడం. ఈ రెండు వాక్యాలు మీరు మనసులో ఉంచుకోండి. పిల్లలకు చెప్పాల్సింది ఇది కాదు.

పిల్లలకు గుడిని పనులుగా చూపించాలి. మొదటి పని, గుడి చుట్టూ అడుగు వరుసలో నడిచే ఏనుగులు. ఒకదానిలా ఇంకొకటి ఉందేమో వెతకమనండి. వాళ్లు వంగి వంగి చుట్టూ తిరిగి వచ్చేసరికి ప్రదక్షిణం కూడా అయిపోతుంది. రెండో పని, స్తంభాల పైనుంచి ఏటవాలుగా ముందుకు వంగిన నల్లరాతి నాయికలు, మదనికలు. వాళ్లలో ఒకరి కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు ఉన్నాయి. ఎవరు ముందు కనిపెడితే వారికి బహుమతి అనండి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి చెప్పులు చూసి పిల్లల కన్నా తల్లులే ఎక్కువసేపు ఆగుతారు. మూడో పని, నంది. చెవులు నిక్కబొడుచుకుని, పిలిస్తే లేచి వచ్చేటట్లు కూర్చుని ఉంటుంది. ఏ వైపు నిలబడితే మన వైపు చూస్తున్నట్లు ఉంటుందో పరీక్షించమనండి.

మండపం లోపల కాస్త చీకటి. చిన్న టార్చి తీసుకెళ్లి కప్పు మీది చెక్కడాలు చూపించండి. నాట్య భంగిమలున్న శిల్పాల దగ్గర ఆగి, అలాగే నిలబడమంటే పిల్లలు పడీపడీ నవ్వుతారు. నటరాజ రామకృష్ణ ఇక్కడి శిల్పాలను చూసే, మరుగున పడిన పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. నాట్యం నేర్చుకునే పిల్లలుంటే ఈ మాట తప్పక చెప్పండి. శిల్పాలను ముట్టుకోవద్దని, తట్టి చూడవద్దని మాత్రం కారు దిగకముందే చెప్పాలి. గైడు తట్టి చూపినా మీ పిల్లలు అందులో చేరకూడదు. రోజూ వందల చేతులు తగిలితే రాయి అరుగుతుంది.

శిఖరం ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలిక. మట్టిలో నిండా గాలి గుల్లలు ఉండేటట్లు కాల్చిన ఇటుకలు అవి. గుడి పునాది గోతిలో ఇసుక నింపి దాని మీద కట్టారు. ఈ రెండూ అక్కడ కంటికి కనబడవు కాబట్టి, ముందురోజు రాత్రి గదిలోనే చూపించండి. బకెట్ నీళ్లలో ఒక గులకరాయి, ఒక పొడి స్పాంజి వేయించండి. తరువాత ఒక పళ్లెంలో ఇసుక పోసి దాని మీద గ్లాసు నిలబెట్టి పళ్లెం అంచు తట్టించండి. ఉత్త పళ్లెంలో నిలబెట్టి మళ్లీ తట్టించండి. ఇలా చేసిన పిల్లలు మరునాడు గుడి దగ్గర శిఖరం వైపు వేలు చూపించి మీకే చెబుతారు.

ఎంత బాగున్నా గంటన్నర చాలు. పదింటికి బయటపడండి. పక్కనే రామప్ప చెరువు, కాకతీయుల కాలం నుంచి పొలాలకు నీళ్లిస్తున్నది. గట్టు మీద చెట్టు నీడన తెచ్చుకున్న పులిహోర తినండి. తరువాత ఎండ తగ్గేదాకా లక్నవరం గదిలో పడుకోవాలి. అందుకే ఆ ఒక్క రాత్రి అక్కడ గది ఉండాలన్నాను. గది దొరకకపోతే రామప్పతోనే సరిపెట్టి తిరిగి రండి. నిద్ర లేని పిల్లలను మధ్యాహ్నం చెరువు దగ్గరికి తీసుకెళ్లడం కన్నా అది నయం.

చెరువు దగ్గర

జాతీయ రహదారి మీద చల్వాయి దగ్గర తిరిగి, బుస్సాపూర్ మీదుగా వెళితే లక్నవరం వస్తుంది. కాకతీయుల నాటి చెరువు, చుట్టూ గుట్టలు, నడుమ దీవులు, దీవికి వేలాడే వంతెన. వంతెన ఊగుతుంది. కొందరు పిల్లలు కేరింతలు కొడతారు, కొందరు మొదటి అడుగులోనే బిగుసుకుపోతారు. భయపడేవారిని లాక్కెళ్లవద్దు. ఇవతలి ఒడ్డున ఒకరు ఆగండి, ఏమీ నష్టం లేదు. దాటేటప్పుడు చిన్నపిల్లలు చేతికే ఉండాలి. మీ రెండో చేతిలో ఫోను ఉండకూడదు.

పడవ ఎక్కేముందు లైఫ్ జాకెట్ తొడిగి బకిళ్లు బిగించాక, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ పిల్ల చెవుల దాకా లేచిందంటే అది పెద్దవాళ్లది. నీళ్లలో పడితే జాకెట్ తేలుతుంది, పిల్ల తేలదు. చిన్నది అడగండి. లేదంటే పడవ మానండి. డబ్బు కట్టేశాం కదా అని ఎక్కవద్దు. చంటిపిల్లలను అసలు ఎక్కించవద్దు.

నీళ్ల దగ్గర నలుగురు పెద్దలు ఉంటే నలుగురూ చూస్తున్నామనుకుంటారు, ఎవరూ చూడరు. కాబట్టి పేరు పెట్టి అప్పగించండి: “అన్నయ్యా, ఈ అరగంట చింటూ నీ బాధ్యత.” ఆ అరగంట ఆయన ఫోటోలు తీయకూడదు, ఫోను చూడకూడదు. తరువాత వదినకు అప్పగించాలి, నోటితో చెప్పి మరీ.

బొగత, మేడారం

ఎనిమిదేళ్లలోపు పిల్లలుంటే ఈసారికి బొగత జలపాతం వదిలేయమంటాను. హనుమకొండ నుంచి పస్రా, తాడ్వాయి అడవి దాటి, ఏటూరునాగారం అవతల గోదావరి మీద ముల్లకట్ట వంతెన దాటి, వాజేడు మండలంలోకి వెళ్లాలి. రానుపోను పిల్లలకు రోజంతా కారులోనే గడుస్తుంది. నిండుగా దూకేది వానాకాలంలో, అప్పుడు వరద ఎక్కువైతే అటవీ శాఖ లోపలికే పోనివ్వదు. ఆపితే వాదించకుండా వెనక్కి రండి. పక్కదారి చూపిస్తామనే వాళ్ల వెంట అసలు పోవద్దు. తాడ్వాయి అడవి దారిలో పశువులు రోడ్డుకు అడ్డం పడుకుంటాయి, పొద్దు గూకేలోపు దాటేయాలి.

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ పున్నమి వేళ. 2026 జనవరి ఆఖరులో జరిగింది. జాతర నాలుగు రోజుల్లో చంటిపిల్లలతో వెళ్లే సాహసం వద్దు. మొక్కు ఉంటే ముందు వారాల్లోనో తరువాతో తీర్చుకునేవారు ఎందరో ఉన్నారు, సమ్మక్క, సారలమ్మ తల్లులు కాదనరు. పిల్లను తక్కెడలో కూర్చోబెట్టి ఎత్తు బెల్లం తూచి గద్దెకు సమర్పించే మొక్కు అప్పుడైతే నెమ్మదిగా చేసుకోవచ్చు. జనం ఉన్న ఏ రోజైనా పిల్లల ముంజేతి మీద మీ ఫోను నంబరు పెన్నుతో రాయండి. తప్పిపోతే ఉన్నచోటే నిలబడి, పోలీసుకో, పిల్లలను ఎత్తుకున్న ఆడమనిషికో చూపించమని నేర్పండి.

తిండి, నీళ్లు

వేడివేడిగా కళ్లముందు దించినదేదైనా తినవచ్చు. కోసి పెట్టిన పళ్లు, ఐసు గోళాలు, పొద్దుటి నుంచి మూత లేని పచ్చడి వద్దు. ఇడ్లీ, దోసె, పెరుగన్నం ఎక్కడైనా దొరుకుతాయి. కూర కారం లేకుండా కావాలంటే ముందే చెప్పండి. ఇక్కడి “కొంచెం కారం” బయటి పిల్లలకు కన్నీళ్లే. సర్వపిండి ఒక్క ముక్క రుచి చూపించండి, మక్కకంకి కాల్పించి ఇవ్వండి. అక్టోబరులో సీతాఫలాలు ఉంటాయి, చిన్నపిల్లలకు గింజలు తీసి పెట్టాలి. దాహం వేసిందని పిల్లలు చెప్పేదాకా ఆగకుండా గంటకోసారి నీళ్లు, మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగించండి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే తాగింది చాలలేదని లెక్క. ఆరు నెలలలోపు పాపాయికి ఎండ ఎంత ఉన్నా నీళ్లు వద్దు, తల్లిపాలే మరిన్నిసార్లు ఇవ్వాలి.

ఒంట్లో తేడా చేస్తే

విరేచనాలైతే ప్రతిసారీ రెండేళ్లలోపు వారికి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్ద పిల్లలకు 100 నుంచి 200 ఓఆర్ఎస్ చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. అంతకు మించి ఉప్పు వేయవద్దు. రంగురంగుల డబ్బాల్లో దొరికే తీపి పానీయం ఓఆర్ఎస్ కాదు. అలాంటి వాటి మీద ఆ పేరు వాడరాదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. మందుల దుకాణంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ అడగండి.

ఎండలో తిరిగిన పిల్ల ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మగతగా ఉంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోను చేయండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయవద్దు. ఆపిన కారులో పిల్లను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలవద్దు.

కుక్క కరిచినా, కోతి గీరినా, చిన్న గీతే కదా అనుకోకుండా కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టించండి. పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం, పసరు పోయడం ఏదీ వద్దు. కరిచిన కాలినో చేతినో కదలనివ్వకుండా ఎత్తుకుని దగ్గరి ఆసుపత్రికి. ములుగులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, వరంగల్‌లో పెద్దాసుపత్రి ఎంజీఎం.

దోమల్లో డెంగీవి పగలు, మలేరియావి రాత్రి కుడతాయి. ములుగు అడవి పల్లెల్లో మలేరియా ఉంది. కాబట్టి లక్నవరంలో సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా, పొడుగు లాగు వేయండి. ఇంటికి చేరాక నెల రోజులలోపు పిల్లలకు జ్వరం వస్తే మామూలు జలుబు జ్వరమని ఊరుకోకుండా డాక్టరుకు చూపించి, ములుగు అడవి వైపు వెళ్లి వచ్చామని మీరే ముందు చెప్పి, రక్తపరీక్ష చేయించండి.